అత్త పంపని జవాబు

మా మేనత్త పోయిందన్న వార్తను నాకు ఎనిమిది రోజులు చెప్పలేదు. "అది తట్టుకోదు" అని ఇంట్లో తేల్చేశారు. కాలు నిలవని పిల్లకు గుండె కూడా నిలవదనుకున్నారు కాబోలు.

నేనప్పుడు బోర్నియోలో ఉన్నాను. అక్కడికి పొమ్మన్నది అత్తే.

కొడకండ్లలో ఆమె మక్క చేను మీదికి కోతులు గుంపులుగా వచ్చేవి. మంచెమీద నిలబడి వడిసెల తిప్పేది కానీ, పిల్లను కరుచుకున్న కోతి కనిపిస్తే రాయిని పక్కకు వదిలేది. "బెదిరిస్తె సాలు, అదీ కడుపుకే వచ్చింది" అనేది. ఒకసారి ఫోనులో బోర్నియో అడవుల్లో ఉండే ఒరాంగుటాన్ వానరాల తల్లిలేని పిల్లల్ని చూపించాను.

"గీ పిల్లలకు చెట్టెక్కుడు ఎవలు నేర్పుతరే?"

"మనుషులే అత్తా."

"మనుషులా! ఎక్కినోన్ని గుంజుడే గదనే మనోళ్లకు ఎరుక!" పకపకా నవ్వి, "పోయి సూసి రా. వచ్చి నాకు జెప్పాలె" అంది.

అలాంటి పిల్లల్ని సాకే కేంద్రానికి వెళ్లాను. అక్కడ ఒక పిల్ల తాడు పట్టుకుని వేలాడుతోంది. చెయ్యి వదిలి కొమ్మను అందుకోవడానికి దానికి భయం. కింద సంరక్షకురాలు చేతులు కట్టుకుని నిలబడింది; ముట్టలేదు, పిలవలేదు. చాలాసేపటికి అది కొమ్మ అందుకుంది. వీడియో తీసి అత్తకు పంపాను. బొటనవేలు ఎత్తిన బొమ్మ జవాబుగా వచ్చింది. అత్తకు చదువు రాదు. ఎప్పుడూ "ఓ బిడ్డా" అని గొంతే పంపేది. బొమ్మలు పెట్టడం నేర్చుకుందని మురిసిపోయాను.

ప్రయాణం ముగించుకుని వచ్చేసరికి జనగామ స్టేషన్‌లో నాన్న ఎదురొచ్చాడు.

"అత్త పోయింది బిడ్డా. గంత దూరంల ఆగమైతవని జెప్పలే."

"మరి నాకు జవాబు?"

"నేనే వెట్టిన."

దారిలో మిగతాది చెప్పాడు. మూడోనాడు కాకి ముట్టాలని పిట్టకు పెట్టారు. అత్తకు ఇష్టమైన సర్వపిండి విస్తట్లో పెడితే కాకి ఎంతకూ ముట్టలేదు. "మేనకోడలి మీద పానం గొట్టుకుంటున్నది, కబురు వెట్టలేదా?" అని బంధువులు అడిగారట. పెట్టామనీ, నేనే రాలేదనీ మావాళ్లు చెప్పారు.

"కోతుల కోసం అత్తను ఇడిసిందా!" అన్నారట వాళ్లు.

"ఎవలన్న అడిగితె టికెట్ దొరకలేదను. జర ఇజ్జత్ కాపాడు బిడ్డా" అన్నాడు నాన్న.

అత్త ఫోను ఇంకా ఆయన జేబులోనే ఉంది. అడిగి తీసుకున్నాను. ఆ వీడియో విప్పి చూసిన గుర్తు ఉంది. చూసింది ఆమె కాదు.

పదకొండో దినం ఎల్లుండి. బంధువులంతా వస్తారు. నాకు కబురు పెట్టలేదని వాళ్లందరి ముందూ చెబుతాను.