రద్దు పాసైన సోమవారం

ఆ సోమవారం తలపుకొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మండితే మండనీ, చెప్పాల్సింది చెప్తాను.

అప్పట్లో మా ఆఫీసు అమీర్‌పేటలో, ఒక కోచింగ్ సెంటర్ పైన ఉండేది. కింద మైకులో పాఠం నడుస్తూంటే పైన మా పని నడిచేది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి ఉంది. అక్కడి బుకింగుల సిస్టంతో బయటి యాప్‌లు మాట్లాడాలంటే మధ్యలో కొంత కోడ్ కావాలి. మా భాషలో దాన్నే లైబ్రరీ అంటాం. బంజారాహిల్స్‌లోని ఒక యాప్ కంపెనీ కోసం దాన్ని మేం రాశాం. అది నిజంగా బుక్ చేస్తుందా, టైం మారుస్తుందా, రద్దు చేస్తుందా అని కొనేవాళ్ళ కళ్ళముందే రుజువు చేయాలి కదా. ఆ పరీక్షల్ని యాక్సెప్టెన్స్ టెస్టులు అంటారు. వాటిని తయారుచేసి నడిపించే పని నాది.

మొదట్లో టెస్టుల్లో నోటికొచ్చిన ఫోన్ నంబర్లు వేసేవాళ్ళం. ఆసుపత్రి మాకిచ్చింది ఉత్త ప్రాక్టీసు సర్వరే, కానీ మెసేజీలు మాత్రం నిజంగానే పోయేవి. ఎవరో పెద్దమనిషికి పొద్దస్తమానం 'మీ అపాయింట్‌మెంట్ ఖరారైంది', 'మీ అపాయింట్‌మెంట్ రద్దైంది' అంటూ పోయాయట. ఆయన ఎట్లా కనుక్కున్నాడో గానీ ఆఫీసుకు ఫోన్ చేసి మా వంశాలన్నీ దులిపి ఆరేశాడు. ఆ దెబ్బతో టీంలో ఒక కట్టుబాటు వచ్చింది. పరాయివాళ్ళ ఫోన్ మోగించకూడదు, టెస్టుల్లో ఇంటివాళ్ళ నంబర్లే వేయాలి. మా అమ్మ నంబరు, ఒకరి తమ్ముడిది, ఇంకొకరి ఆడపడుచుది, అలా అందరం తలా ఒకటి ఇచ్చుకున్నాం.

డయాలిసిస్ కుర్చీ బుక్ చేసే టెస్టు దగ్గర చిక్కు వచ్చింది. దానికి ఆ ఆసుపత్రిలో డయాలిసిస్ పేషెంటుగా నమోదైన నంబరే కావాలి. నా పక్క సీట్లో కూర్చునే భాయ్‌ది బోరబండ. వయసులో నాకంటే పెద్దవాడే అయినా నన్ను అక్కా అనే పిలుస్తాడు.

"మా అబ్బాది వేస్కో అక్కా," అన్నాడు. "ఆయన పోయేది గాడికే గద. ఇంట్ల ఉన్నన్ని రోజులు టీవీ ముంగట్నే కూసుంటడు. ఫోన్ల మెసేజ్ వస్తె జర టైంపాస్ అయితది."

అబ్బా అంటే వాళ్ళ నాన్న. కిడ్నీలు పాడైపోయి సోమ, బుధ, శుక్రవారాల్లో ఆ ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకునేవాడు. శని, ఆదివారాలు రెండూ ఖాళీ పోవడంతో సోమవారానికల్లా ఒంట్లో నీరు చేరి కాళ్ళు ఉబ్బేవి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. ఏ రోజు తప్పినా సోమవారం తప్పకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట.

నా టెస్టుల్లో ఒక పద్ధతి ఉంది. టెస్టులు నడిచే ప్రతి చుట్టు మొదట్లోనూ చివర్లోనూ మా నంబర్ల మీద ఉన్న బుకింగులన్నీ రద్దు చేసి ఊడ్చేస్తుంది. పాత బుకింగు అడ్డొస్తే కొత్త టెస్టు తప్పుతుంది కాబట్టి ఎక్కడైనా ఇదే పద్ధతి. మధ్యలో ఎవరైనా ఆపేసినా సరే, ఊడ్చిగానీ ఆగదు. ప్రాక్టీసు సర్వర్లో అన్నీ ఉత్తుత్తి బుకింగులే కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

ఆ సోమవారం యాప్ కంపెనీ పెద్దాయన వచ్చాడు. టెస్టులన్నీ పాసైతే లైబ్రరీ తీసుకుంటున్నట్టు సంతకం పెట్టి పోతాడు. గోడమీది టీవీలో ఒక్కో టెస్టు పేరు పక్కన పచ్చగా 'పాస్' పడుతోంది. మా మేనేజర్‌ది రాజమండ్రి. మనిషి ఆనందం పట్టలేకపోతున్నాడు. "ఆపకండి, అలా తిరుగుతూనే ఉండనివ్వండి. సార్ గారు ఎన్నిసార్లు చూసినా పచ్చగానే కనపడాలి," అన్నాడు. సరే అని చుట్టు వెనక చుట్టు తిరిగేలా పెట్టాను.

కాసేపటికి భాయ్ ఫోన్ మోగింది. విని లేచి నిలబడ్డాడు. "అబ్బాకు ఇయ్యాల బుకింగే లేదంటున్నరంట," అని నాకు మాత్రమే వినపడేలా చెప్పి, బండి తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. పాపం, ఆసుపత్రివాళ్ళు ఏదో పొరపాటు చేసుంటారులే అనుకున్నాను.

కొంతసేపయ్యాక భాయ్ నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, అబ్బా కుర్చీ ఇంకొకరికి ఇచ్చేసిన్రు. పొద్దున రద్దు మెసేజ్ వచ్చిందంట, ఈయనేమో గది నా ఆఫీసు టెస్టుల ఖేల్ అనుకొని పట్టించుకోలే. కౌంటర్ల మేడం ఇంకో కుర్చీ చూసి పేరెక్కించింది, లోపలికి పోయెటాళ్ళకు అది సుత పోయింది. మళ్ల ఎక్కించింది, మళ్ల పోయింది. మీరే రద్దు చేస్కుంటున్నరు అని నా మీద కోపం చేస్తుంది. సిస్టంల పేరు లేకుంటె లోపల సూది పెట్టరంట. అబ్బాకు ఊపిరి అందుతలేదు అక్కా."

నేను టీవీ వైపు చూశాను. 'డయాలిసిస్ బుకింగు రద్దు: పాస్.' కింద ఇంకో చుట్టు మొదలైంది.

మేనేజర్ దగ్గరికి పోయి చెవిలో అడిగాను. "సార్, ఇది ఏ సర్వరు?"

"అసలైనదే అమ్మా. సార్ గారి కంపెనీకి ఆసుపత్రివాళ్ళు పాస్‌వర్డు ఇచ్చారు కదా, పొద్దున్నే నేనే దానికి మార్చాను. డెమో అంటే రియల్‌గా ఉండాలి," అన్నాడు నవ్వుతూ.

నాతో ఒక్క మాట చెప్పలేదు! ఒక్కటంటే ఒక్క మాట! "సార్, భాయ్ వాళ్ళ నాయిన బుకింగు మనమే ఊడుస్తున్నం, ఆపాలె," అన్నాను. ఆయనకు నా మాట ఎక్కలేదు. పెద్దాయన వైపు చిరునవ్వు చూపిస్తూ, "తర్వాత, తర్వాత," అని చేత్తో తోసేశాడు.

కీబోర్డు మీద చెయ్యి పెట్టబోయి ఆగిపోయాను. ఆపితే ఆగేముందు ఇంకోసారి ఊడుస్తుంది. కౌంటరామె ఈ క్షణంలో పేరు ఎక్కిస్తూ ఉంటే అదీ పోతుంది. ఉన్న కుర్చీలు ఎన్నని, ఇంకెన్నిసార్లు దొరుకుతుంది? బల్ల కిందికి వంగి, టెస్టులు నడుస్తున్న మెషీన్ వెనక నెట్ తీగ పట్టుకుని లాగాను. క్లిప్పు విరిగి నా చేతికొచ్చింది.

టీవీ మీద టెస్టులు ఒక్కొక్కటీ ఎర్రబడ్డాయి. కాసేపటికి పచ్చన్నదే లేదు.

"ఏంటమ్మా ఇది? ఏం చేస్తున్నావు?" మేనేజర్ అరిచాడు.

ఫోన్ చెవికి ఆనించుకుని, "భాయ్, మేడంను ఇంకొక్కసారి ఎక్కియ్యమను. కాళ్ళు పట్టుకో, ఏమన్న చెయ్యి," అన్నాను. అటువైపు ఎవరివో పిల్లల ఏడుపులు, భాయ్ బతిమాలుతున్న గొంతు. కౌంటరామె విసుక్కుంటోంది. చివరి కుర్చీ ఇదే, ఇది కూడా పోతే రేపు రమ్మంటోంది. రేపటిదాకా ఆయన ఉంటాడా? ఆ ఊపిరితో ఒక రాత్రి గడుస్తుందా? ఇష్టదైవాలందరికీ మొక్కుకున్నాను. భాయ్ వాళ్ళ దేవుడికి కూడా మొక్కాను.

"ఎక్కించింది," అన్నాడు భాయ్.

"ఉందా?"

"ఉంది."

"చూస్తుండు భాయ్. ఫోన్ పెట్టకు."

అతను అక్కడ కౌంటరు తెర చూస్తున్నాడు, నేను ఇక్కడ ఊడిన తీగ చూస్తున్నాను. వీల్‌ఛైర్ చక్రాల చప్పుడు వినిపించింది, తలుపు తెరుచుకున్న చప్పుడు కూడా.

"ఇంకా ఉంది అక్కా. లోపలికి తీస్కపోయిన్రు. సూది పెడుతున్నరు." ఆ మాటంటూ భాయ్ ఏడ్చేశాడు. నాకూ ఏడుపు ఆగలేదు. అందరి ముందూ ముక్కు చీదుకుంటూ ఏడ్చాను, సిగ్గేం పడలేదు.

యాప్ కంపెనీ పెద్దాయన అంతా చూస్తూనే ఉన్నాడు. ఏమైందని నన్నే అడిగాడు. చెప్పాను, ఏదీ దాచలేదు. ఆయన ముఖం వాడిపోయింది. "అయితే రద్దు టెస్టు...?" అని మధ్యలో ఆగిపోయాడు.

"మస్తు పని చేస్తుంది సార్," అన్నాను. "పొద్దుటినుంచి ఒక ముసలాయన్ను కూసోనియ్యకుండ చేసింది."

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. ఆయన బాధ కూడా నాకు తెలుసు, ఈ సంతకం కోసం నెలల తరబడి తిరిగాడు. కోపం ఆపుకుని మెల్లగా, దాదాపు బతిమాలుతున్నట్టే అన్నాడు.

"పోనీలేమ్మా, ఆయనకి కుర్చీ దొరికింది కదా. ఆ నంబరు తీసేసి ఇంకో నంబరు వేద్దాం. ఒక్కటంటే ఒక్క చుట్టు తిప్పు. సార్ గారు సంతకం పెట్టేస్తారు."

"డయాలిసిస్ పేషెంటుదే కావాలె సార్. ఎవరిది వెయ్యాలె?"

"ఎవరిదో ఒకరిది. ఆసుపత్రిలో బోలెడంతమంది ఉంటారు."

"మన పద్ధతి ఇంటోళ్ళ నంబరే గద," అన్నాను. కీబోర్డు ఆయన ముందుకు జరిపాను. "మీ నాన్నగారికి గుండె డాక్టర్ దగ్గర బుకింగు ఉందని పోయిన వారం చెప్పిన్రు. గది గీ ఆసుపత్రిలనే గద. డయాలిసిస్ వద్దు తీయండి, గుండె బుకింగు టెస్టే తిప్పుదాం. ఆయన నంబరు కొట్టండి సార్, తీగ నేను పెడత."

మేనేజర్ కీబోర్డు వైపు చూశాడు. నావైపు చూశాడు. చెయ్యి ముందుకు రాలేదు.