రాస్ తనూరాలో రాయైన బీరు

సౌదీలో బీరు కాచి పట్టుబడ్డవాళ్ల కథలు మీరు వినే ఉంటారు. కాచినదాన్ని పారబోయడం చేతగాక పట్టుబడబోయిన మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. నవ్వండి, అభ్యంతరం లేదు. నాకైతే ఆ నవ్వు ఇప్పటికీ సగమే వస్తుంది.

అప్పట్లో రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టరు దగ్గర టెక్నీషియన్‌గా కొత్తగా చేరాను. పైపుల్లో వేడి ఎంతుందో, ఒత్తిడి ఎంతుందో చూపించే మీటర్లను సరిచూడటం నా పని. నా రూమ్మేటు యాదగిరన్న డ్రైవరు, జగిత్యాల వైపు మనిషి. నేను దిగిన కొత్తలో జ్వరమొస్తే పక్కన కూర్చుని గంజి తాగించినవాడు. ఏళ్ల తరబడి పనిచేసి, ఇక చాలనుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోతున్నాడు.

ఒకరోజు సామాను సర్దుకుంటూ, "గిన్నేండ్లాయె తమ్మీ, ఒక్క సల్లటి బీరు తాగింది లేదు" అని నిట్టూర్చాడు.

ఆ నిట్టూర్పును నేను ఆజ్ఞగా తీసుకున్నాను. దొరికితే జైలని తెలుసు. తెలిసినా బుద్ధి పనిచేయాలిగా! ఆయనకు చెప్పకుండా ఒక పెద్ద ప్లాస్టిక్ క్యాన్‌లో బార్లీ డ్రింకు, పంచదార, బ్రెడ్డు ఈస్టు కలిపి నా మంచం కింద దాచాను. అది రాత్రింబవళ్లు గురక పెట్టింది. పులిసి ఊరుకున్నాక, అడుగున మిగిలిన ఈస్టు మడ్డిని, రైతు విత్తనాలు దాచుకున్నట్టు, ఒక జామ్ సీసాలో దాచాను. క్యాన్‌నూ సీసానూ ఫ్రిజ్‌లో పెట్టి, కొద్దిగా చల్లబడితే చాలని మీటను ఏడు మీదికి తిప్పాను. ఏసీలో అంకె పెరిగితే చలి తగ్గుతుంది కదా! ఫ్రిజ్‌లో అది తలకిందులని, జీతం తీసుకుని మీటర్లు చదివే నాకు తట్టలేదు.

శుక్రవారం పొద్దున యాదగిరన్న మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచాడు.

"తమ్మీ, గీ బండ ఏందిర?"

"బీరన్నా. నీకోసమే చేశాను."

ఆయన మొహంలో సంతోషం కోసం చూశాను. ఆ మొహం కాస్తా పాలిపోయింది.

"రేపు నా ఫ్లైటుర! జుమ్మా నమాజు కాంగనే రూము చూసుకునేతందుకు హారిస్ వస్తడు. గిది జూస్తే నేను ఇంటికి కాదు, జైలుకు పోత. పారబొయ్యి!"

హారిస్ అంటే మా బిల్డింగు కాపలాదారు, రఫీక్ భాయ్. పరుగున క్యాన్‌ను బాత్రూంలో బోర్లించాను. ఒక్క చుక్క పడలేదు, బీరు మొత్తం గడ్డకట్టుకుపోయింది. దొంగకు తేలు కుడితే కిక్కురుమనలేడంటారు. కుట్టిన తేలు వదలను కూడా వదలకపోతే ఎలా ఉంటుందో నాకు ఆరోజు తెలిసింది.

క్యాన్‌ను కత్తితో కోశాం. లోపలి గడ్డ పొత్రంలా దొర్లి బయటపడింది. పాపం యాదగిరన్న, ప్రయాణానికి ఇస్త్రీ చేయించుకున్న చొక్కాతోనే చతికిలబడి సుత్తితో కొడుతున్నాడు. నేను మరిగిన నీళ్లు పోస్తున్నాను. ఆవిరితో పాటు పులిసిన వాసన గదంతా లేచింది.

సరిగ్గా అప్పుడే ఎదురు ఫ్లాటు మరియమ్మక్క చేపల పులుసు పట్టుకుని వచ్చింది. అమలాపురం మనిషి, ఆసుపత్రిలో నర్సు, ప్రార్థన తప్పని మనిషి. బాత్రూంలోకి ఒక్కసారి తొంగిచూసి, "ఓరి మీ దుంపల్ తెగా!" అంది.

ఇంతలో తలుపు మీద దరువు.

రఫీక్ భాయ్! నమాజుకు ముందే వచ్చేశాడు. గుమ్మంలోనే ముక్కెగరేసి, "ఏ క్యా ఖుష్బూ హై?" అన్నాడు.

మరియమ్మక్క బాత్రూం తలుపు లాగేసి, "బ్రెడ్డు భాయ్! పిండి పులియబెట్టాం, యాదగిరికి దావత్" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అదేనేమో, గిన్నె పక్కకు ఒరిగి పులుసు ఒలికింది.

"అచ్ఛా! తో ముఝే భీ దేనా, నాకూ ఓ ముక్క. రూము అప్పుడే చూస్తా, సాయంత్రం" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఇక బ్రెడ్డు చేయక తప్పదు. శుక్రవారం, నమాజు వేళ, దుకాణాలు మూసేశారు. ఉన్న ఈస్టల్లా ఆ సీసాలో గడ్డకట్టినదే. అక్క దాన్ని గోరువెచ్చని నీళ్లలో పెట్టి, చిటికెడు పంచదార వేసి, రోగిని చూసినట్టు చూసింది. కాసేపటికి నురగ లేచింది.

"బతికే ఉందిరా అబ్బాయ్. నీ బుర్ర కంటే ఇదే నయం" అంది.

సాయంత్రానికి గడ్డంతా కరిగి తూములోకి పోయింది. రఫీక్ భాయ్ వచ్చి రూము చూడటమే మర్చిపోయి రెండు రొట్టెలు తిని, యాదగిరన్న తాళాలు తీసుకుని సలాం చెప్పాడు. మేం గండం గట్టెక్కాం. కానీ వీడ్కోలు నాడు యాదగిరన్నతో కూర్చుని చెప్పుకోవాలనుకున్న మాటలన్నీ సుత్తి దెబ్బల్లో కలిసిపోయాయి. మర్నాడు ఎయిర్‌పోర్టులో కౌగిలించుకుంటే ఆయన బ్యాగు నుంచి పులిసిన వాసన వచ్చింది. క్షమించమని అడగబోయాను. "ఇగ పోతర, లైను కదులుతాంది" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత చాన్నాళ్లకు ఫోను చేసి, ధైర్యం తెచ్చుకుని అడిగాను.

"ఊళ్లో సల్లటి బీరు తాగావా అన్నా?"

"యాడ తమ్మీ! గ్లాసు వట్టుకుంటే హారిస్ తలుపు గొట్టినట్టే అయితది. ఇడిసిపెట్టిన."

ఏళ్ల తరబడి దాచుకున్న ఆశను ఒక్కరోజులో చంపేశాను. అందుకే ఎడారి సాక్షిగా, మరియమ్మక్క ఒలకబోసిన పులుసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా ఎదురుగా ఎవరు నిట్టూర్చినా, ఎంత ఆప్తులైనా సరే, మంచినీళ్లిచ్చి ఊరుకుంటాను. అవి కూడా ఫ్రిజ్‌లోవి కావు, కుళాయి నీళ్లే.