బోధన్ ల్యాబులో వైఫై తాళం

బోధన్‌లో రక్తపరీక్షల ల్యాబు నడిపే ఆవిడను అందరూ ఆపా అంటారు, ఉర్దూలో అక్క అని. నేనూ అంతే. ఆ రోజు ఫోన్‌లో ఎక్కువ మాట్లాడలేదు. "అన్నా, జర రా. మా వైఫైకి గట్టి తాళం కావాలె" అని పెట్టేసింది. నిజామాబాద్‌లో కంప్యూటర్లు, నెట్‌వర్కులు చూసుకునే పని నాది. నడుము నొప్పి తగ్గలేదు. అయినా కొత్త రౌటరు ఒకటి సంచిలో వేసుకుని బస్సెక్కాను.

నేను చేరేసరికి ల్యాబు గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. పక్క వీధి టిఫిన్ సెంటర్లో వంట చేస్తుంది. దగ్గు ఎంతకీ తగ్గకపోతే డాక్టరు టీబీ పరీక్ష రాశాడట. ఆ రిపోర్టు ఆమె చేతికి రాకముందే యజమాని పనికి రావద్దన్నాడు.

"నా పరీక్ష సంగతి గాయినకెట్ల తెలిసిందక్కా? నేనైతే ఎవ్వలకు చెప్పలే" అంటోంది. అరవడం లేదు. అదే మాట మళ్లీ మళ్లీ.

ఆపా కాగితం తీసి ఆమె చేతిలో పెట్టింది. "నీకు టీబీ లేదమ్మా. గిక్కడ రాసి ఉన్నది. పోయి ఆయనకు సూపెట్టు."

ఆమె వెళ్లాక నేను పాత రౌటరులోకి వెళ్లి చూశాను. ల్యాబు కంప్యూటర్లతో పాటు ఎవరిదో తెలియని ఫోను ఒకటి కనెక్టయి ఉంది. నెట్‌వర్కులోకి వచ్చినవాళ్లెవరైనా రిపోర్టుల ఫోల్డరు తెరవొచ్చు. దానికి పాస్‌వర్డే లేదు. వైఫైకి ఉన్నదేమో వెప్ అనే పాతకాలపు తాళం, తెలిసినవాడు ఇట్టే తీసేస్తాడు. రక్తం పరీక్షించే యంత్రానికి తగిలించిన ముసలి కంప్యూటరుకు అదొక్కటే వచ్చు. దాని కోసం మిగతావన్నీ ఆ తాళానికే సర్దుకున్నాయి. ఆ ఫోను ఎవరిదో మాకు ఇప్పటికీ తెలియదు.

కొత్త రౌటరు బిగించి, అన్నిటికంటే గట్టిదైన డబ్ల్యూపీఏ3 పెట్టాను. ఆపా కొత్త ల్యాప్‌టాప్ వెంటనే కలిసింది. పాత ల్యాప్‌టాప్ ససేమిరా అంది. ప్రింటరుకైతే కొత్త నెట్‌వర్కు ఉన్నట్టే కనబడలేదు. దాన్నీ, దాని ముందు తరం డబ్ల్యూపీఏ2నీ కలిపిన పద్ధతి పెడితే ల్యాప్‌టాప్ వచ్చింది గానీ, ప్రింటరు కాసేపు పట్టుకుని వదిలేస్తోంది. రిపోర్టుల కోసం వచ్చినవాళ్లు బెంచీ మీద కూర్చుని నన్నే చూస్తున్నారు.

"పాతదే ఉంచరాదన్నా? గప్పుడు అన్నీ నడిచినయి కద" అంది ఆపా నీరసంగా.

"నడిచినయి ఆపా. పరాయోని ఫోను గూడ నడిచింది."



చివరికి ఒక్క డబ్ల్యూపీఏ2కే దిగాను, అందులో గట్టిదైన ఏఈఎస్ అనే సంకేత పద్ధతిలో. పాస్‌వర్డు పొడుగ్గా ఉంటే అది చాలా గట్టిదే. రెండు ల్యాప్‌టాప్‌లూ, ప్రింటరూ, ఆపా ఫోనూ అన్నీ కలిశాయి. ముసలి కంప్యూటరు ఒక్కటే మిగిలింది. దాన్ని మార్చలేం, ఆ యంత్రం సాఫ్ట్‌వేరు దాని మీద తప్ప నడవదు. దాని వైఫై పీకేసి, గోడకు బెజ్జం వేసి, నేల మీద బోర్లా పడుకుని రౌటరు దాకా వైరు లాగాను. లేచేటప్పుడు ఆపా చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. ఫోల్డరుకూ తాళం వేశాం. పాస్‌వర్డు ఆమెనే కొట్టమని నేను అటు తిరిగి కూర్చున్నాను.

చాయ్ తాగుతుండగా వంటామె తిరిగి వచ్చింది.

"కాయితం సూసిండక్కా. మంచిదే అన్నడు. గని కొత్త మనిషిని పెట్టుకున్నడట. గిరాకీలు భయపడుతరట."

ఆపా గ్లాసు కింద పెట్టి, దుపట్టా తలమీదికి లాక్కుని ఆమెతో పాటు బయలుదేరింది. నేను ల్యాబులో కూర్చుని వచ్చినవాళ్లకు ఆగమని చెప్పాను. చాలాసేపటికి ఆపా ఒక్కతే వచ్చింది.

"ఏమన్నడు?" అన్నాను.

"నా ముందర నవ్విండు. సూద్దాం తీ ఆపా అన్నడు. గంతే."

తర్వాత ఆపా తనకు తెలిసినవాళ్లందరినీ అడిగిందట. కొన్నాళ్లకు వంటామెకు మోస్రా అనే ఊళ్లో ఒక హాస్టల్లో వంటపని దొరికింది. రోజూ పొద్దున్నే బస్సెక్కి పోతోందని, అలసిపోతోందని ఆపా ఫోన్‌లో చెప్పింది. ప్రింటరు మాత్రం బాగానే నడుస్తోందట.