కంకణం కట్టుకున్న గప్పీ

ఇందులో ప్రతి అక్షరం నిజమని చేపల తొట్టి అద్దం మీద కుడిచెయ్యి ఆనించి ప్రమాణం చేస్తున్నాను. నా తల మీదే ఒట్టు వేసుకుందును గానీ, ఇన్నేళ్లుగా వేసుకున్న ఒట్లకే జుట్టంతా ఊడిందని మా ఆవిడ నమ్మకం. మిగిలిన నాలుగు వెంట్రుకలూ ఈ ముచ్చటకు ఖర్చుపెట్టడం ఆమెకు ఇష్టం లేదు.

కొత్తగూడలో ఫ్లైఓవర్ కనపడే ఫ్లాట్ మాది. హాల్లో భోజనాల బల్ల వెనక తొట్టి ఉంటుంది. తొట్టి మా ఆవిడది. అందులోని గప్పీ చేపలన్నీ ఒక ముసలి ఆడ గప్పీ సంతానం. ఆఫీసు నుంచి రాగానే, చెప్పులు విడవకముందే మా ఆవిడ దాన్ని పలకరిస్తుంది. నన్ను పలకరించడం ఆ తర్వాత, తీరికుంటే.

ఆమె తమ్ముడు ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాడు. ఒక ఉదయం మీటింగ్ అని పిలిచారు, మీటింగ్ అయ్యేసరికి ఉద్యోగం లేదు. మూసాపేటలో కిరాయి గది ఖాళీ చేసి, సూట్‌కేసులతో మా ఇంటికి వచ్చాడు. కొత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూలు ల్యాప్‌టాప్‌లోనే గనక మా భోజనాల బల్ల అతని ఆఫీసయింది.

మొదటి రౌండ్ రోజు పొద్దున తొట్టి ముందు వంగి చూస్తూ, "బావా, ఈ ముసలిదానికి వెనకాల ఎర్రగా ఏదో వేలాడుతోంది, చూశారా?" అన్నాడు.

చూశాను. పొట్ట చివర నూలుపోగుల్లా సన్నగా, ఎర్రగా ఉన్నాయి. చేప ఆగితే బయటికి వస్తున్నాయి, కదిలితే లోపలికి పోతున్నాయి. అవేమిటో నాకు తెలియదు. తెలియదని చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

"కంకణం," అన్నాను. "ఇంట్లో ఎవరికైనా పెద్ద పని కావలసి ఉంటే పెద్ద చేప దీక్ష పూనుతుంది. నీకోసమే అయ్యుంటుంది."

"దానికి చేతులు లేవు కదా బావా?"

"అందుకేగా అక్కడ కట్టుకుంది."

అతను నవ్వుకుంటూ వెళ్లి ఇంటర్వ్యూకి కూర్చున్నాడు. ఆ రౌండ్ గట్టెక్కాడు. రెండోదీ గట్టెక్కాక నవ్వడం మానేశాడు. ఎవరి నుంచి ఫోన్ వచ్చినా ముందు తొట్టి దగ్గరికి వెళ్లి, ఆ ఎర్రపోగు కనపడేదాకా నిలబడి, అప్పుడు తీసేవాడు.

ఈలోగా గప్పీ డొక్క లోపలికి పోయింది. తిండి నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోంది. మా ఆవిడ ఫోన్లో వీడియో తీసి పెంపుడు జంతువుల డాక్టరమ్మకు చూపించింది.

"పేగుల్లో ఉండి నెత్తురు తాగే పురుగులండీ అవి. మన పిల్లల కడుపులో ఏలికపాములు ఉంటాయి చూడండి, వాటి లాంటివే. ఒకదానికి కనపడిందంటే తొట్టిలో అన్నిటికీ ఉన్నాయనుకోవాలి. గొర్రెలకు తాగిస్తారే, నట్టల మందు, లెవామిసోల్, అదే తెచ్చుకోండి. కొలత నేను చెప్తాను," అంది డాక్టరమ్మ.

మందు తేవడం నా వంతు. శేరిలింగంపల్లిలో పశువుల మందుల దుకాణం ఒకటి దొరికింది.

"ఎన్ని గొర్లు సార్?" అన్నాడు దుకాణం ఆయన.

"ఓ ఇరవై ఉంటాయి."

"గీ బిల్డింగుల నడుమ ఏడ మేపుతున్నరు?"

"నాలుగో అంతస్తులో."

ఆయన సీసా చేతిలోనే పట్టుకుని ఆగాడు. "మరి గంత పైకి ఎట్ల ఎక్కుతయి?"

"లిఫ్టులో. మొదట్లో బెదిరేవి. ఇప్పుడు బటన్ కూడా అవే నొక్కుతున్నాయి."

"జర పైలం సార్," అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా. "బాల్కనీ తలుపు ఏసి పెట్టుండ్రి. కరెంటు పోతె లిఫ్టుల ఇరుక్కుంటయి, పరేషాన్ అయితరు."

ఇద్దరిలో ఎవరు ఎవరిని ఆట పట్టించారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇంటికొచ్చి సీసా బల్ల మీద పెట్టగానే బావమరిది అడ్డం వచ్చాడు.

"అక్కా, ఇప్పుడే వద్దు. సోమవారం ఫైనల్ రౌండ్. అది కానివ్వు."

"సోమవారం దాకా ఇది బతకదురా."

"పురుగులని నాకూ తెలుసక్కా. కానీ రెండు రౌండ్లూ అవి కనపడ్డాకే కదా పాసయ్యాను? ఇప్పుడు కదిలించడం ఎందుకు?"

"ఇంజనీరువేనా నువ్వు?"

"మా పాత మేనేజర్ సర్వర్‌కి నిమ్మకాయ కట్టాకే కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ చేసేవాడు. అదేం చేస్తుందని అక్కడ ఎవరూ అడగలేదు."

వాదన బాగానే ఉంది, మనిషే బాగాలేడు. అతనూ కొన్నాళ్లుగా సరిగా తినడం లేదు. పక్కపక్కన చూస్తే చేప డొక్కా అతని డొక్కా ఒకలాగే ఉన్నాయి.

మా ఆవిడ నా వైపు తిరిగింది. "కంకణమని వీడికి చెప్పిందెవరు?"

"ఏదో సరదాకి..."

"ఆ సరదా వాడి బుర్రలోంచి మీరే దించండి. నా చేప పోయిందంటే రేపట్నుంచి మీ వంట మీరే చేసుకుందురు గాని."

నేను బావమరిది వైపు తిరిగాను. "ఏమోయ్, పెళ్లిలో కట్టిన కంకణం ఏం చేస్తారు?"

"పదహారు రోజుల పండక్కి విప్పుతారు."

"మరి? కట్టింది విప్పకుండా వదిలేస్తే, ఎవరి పని మీద కట్టారో వాళ్ల పని సగంలో ఆగిపోతుంది. నీకు రెండు రౌండ్లు చాలా?"

అతను బల్ల ముందు నుంచి పక్కకు జరిగాడు. "ఎవరు విప్పాలి బావా?"

"ఎవరికోసం కట్టుకుందో వాళ్లే."

అలా మందు వేయడం అతని చేతికి వెళ్లింది. డాక్టరమ్మ చెప్పిన కొలత రెండుసార్లు సరిచూసుకుని నీళ్లలో కలిపాడు. వెలుతురు తగిలితే మందు బలం తగ్గుతుందని లైటు తీసేసి, తన దుప్పటి తెచ్చి తొట్టికి కప్పాడు. ఆ మందు పురుగును చంపదు, మొద్దుబారుస్తుంది. పట్టు తప్పిన పురుగు చేప కడుపులోంచి జారి అడుగున పడుతుంది. మళ్లీ తేరుకునేలోపు దాన్ని తీసేయాలి. మర్నాడు దుప్పటి తీసి చూస్తే గులకరాళ్ల మీద ఎర్రటి తునకలు కనిపించాయి. అతను గొట్టంతో వాటిని బకెట్లోకి లాగి, కొత్త నీళ్లు పోశాడు. సాయంత్రం ముసలి గప్పీ ఒక తిండి పలుకు నోట్లోకి తీసుకుంది. ఉమ్మలేదు. మా ఆవిడ అప్పుడు చెప్పులు విడిచింది.

సోమవారం ఫైనల్ రౌండ్‌కి ఆఫీసుకే రమ్మన్నారు. నేనే కార్లో దింపాను. ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ ఆగినప్పుడు అతనికి నిజం చెప్పేశాను. కంకణమూ లేదు, విప్పడమూ లేదు, రెండూ నేను పుట్టించినవే అని. అతను కాసేపు సిగ్నల్ వైపు చూసి, "అయితే రెండు రౌండ్లూ నేనే పాసయ్యానన్నమాట," అని నవ్వాడు. కాలర్ సర్దుకుని లోపలికి వెళ్లాడు. ఉద్యోగం వచ్చింది.

కొన్ని వారాల తర్వాత, మిగిలిన పిల్ల పురుగుల కోసం రెండో విడత మందు వేయాలంది డాక్టరమ్మ. అతను కొత్త ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి వేశాడు. తొట్టికి బొట్టు కూడా పెట్టాడు. ఇప్పుడు జీతాలు పెంచే అప్రైజల్స్ దగ్గరపడితే చాలు, తన టీమ్ వాళ్లను వెంటబెట్టుకుని వస్తాడు. అందరూ వంగి ముసలి గప్పీ వెనక ఎర్రదారం కోసం వెతుకుతారు. మొన్న ఒకమ్మాయి, "మళ్లీ ఎప్పుడు కట్టుకుంటుందండీ?" అని మా ఆవిడను అడిగింది.

నిజం తెలిసినవాడు వాళ్లను ఎందుకు తీసుకొస్తాడని మీరు అడగవచ్చు. నేను కల్పించింది అదొక్కటే, ఆ ఫ్లైఓవర్ కింద నిజం చెప్పానన్నది. అక్కడ నేను హారన్ కొట్టాను, టిఫిన్ తిన్నావా అని అడిగాను, అంతే. అతని మొహం తేటగా ఉంది, కంకణం సవ్యంగా విప్పినవాడి మొహంలా. నాకు నోరు రాలేదు.

"వాడికి చెప్తారా, వచ్చినవాళ్లందరికీ టీలు పెడతారా?" అంటుంది మా ఆవిడ. నేను టీలు పెడుతున్నాను. ఇది అచ్చయితే వాడికి తెలిసిపోదా అని నిన్న అడిగింది. తెలిసిపోదు. చేపకు కట్టిన కంకణం విప్పాడు గానీ, మా బావమరిది తెలుగు పుస్తకం విప్పడు.