మొదటి రోజే సరే అనరాదు

కొన్నాళ్లుగా మా ఇంట్లో అన్నానికి ఎవరూ వేళకు కూర్చోవడం లేదు. మనవరాలికి ఇంజినీరింగు సీటు ఏ కాలేజీలో వస్తుందో ఫోనులో తేలాలి. అది తేలేదాకా కోడలు పొయ్యి దగ్గర నిలబడి ఒకసారి, మా అబ్బాయి స్కూటరు తీస్తూ ఒకసారి "వచ్చిందా?" అని అడుగుతూ ఉంటారు, పిల్ల పళ్లు కొరుకుతూ ఉంటుంది. ఊరికే ఎదురుచూడటం దేనికని పోయిన ఆదివారం మా అబ్బాయి అందరినీ కారెక్కించి సేలం వైపు ఉన్న కాలేజీలన్నీ చూపించుకొచ్చాడు. నడుంనొప్పి మనిషినని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు గాని, ఏ కాలేజీలోనూ దిగి చూడనివ్వలేదు. కోడలు గేటు ముందు ఫోటోలు తీసింది, పిల్ల క్యాంటీను చూసింది, మా అబ్బాయి కారు నిలిపే చోటు బాగుందా లేదా చూశాడు. వీటిలో ఒక కాలేజీవాళ్లు వారం నుంచీ తామే ఫోన్లు చేసి రమ్మంటున్నారు. తిరిగివస్తూ తొప్పూరు కనుమ ఎక్కుతుండగా మా అబ్బాయి తీరిగ్గా అన్నాడు గదా, "అంతగా పిలుస్తాండారంటే దాంట్లో ఏందో లోపం ఉండాది నాయనా."

నాకు ఒళ్లు మండిపోయింది. అది అచ్చంగా మా నాయన మాట. ఆయన పోయేనాటికి వీడు ఉయ్యాలలో ఉన్నాడు, ఎవరు నేర్పారో తెలియదు.

మా నాయనకు ఈ తమిళ సీమలోనే, ధర్మపురి దగ్గర పాలకోడుకు అవతల, తుంబలహళ్లి ఆనకట్ట కింద కాస్త తడిభూమి, దానికి నాలుగింతలు మెట్ట, అన్నిటినీ మించి పశువులు ఉండేవి. చుట్టుపక్కల ఎవరు ఆవును కొనాలన్నా ఆయనను బతిమాలి వెంటబెట్టుకుని సంతకు పోయేవాళ్లు. ఆయన పద్ధతి ఒకటే. పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, కాస్త దూరం నడిపించి వెనకనుంచి చూస్తాడు. నచ్చిందంటే ఆ క్షణం నుంచి ఆయన మొహంలో ఏ భావమూ ఉండదు. "ఇంట్లో అడిగి చెప్తాము" అని తువాలు దులిపి భుజాన వేసుకుని టీకొట్టు వైపు నడుస్తాడు. అమ్మేవాడి దళారి వెనకాలే రావాలి, వస్తాడు కూడా. ఆ రోజు రాకుంటే వచ్చే సంతలో వస్తాడు. మొదటి రోజే సరే అన్నవాడు బేరగాడే కాదని, అమ్మేవాడు తొందరపడితే పశువులో లోపం ఉన్నట్టేనని ఆయన సిద్ధాంతం. ఆ పద్ధతితో ఆయన ఎన్నడూ మోసపోలేదు. మా కష్టమల్లా ఆయన దగ్గర అదొక్క పద్ధతే ఉండటం.

మా చెల్లెలు పన్నెండో తరగతి ముగించిన ఏడు నేను ధర్మపురిలో ఒక తమిళ పత్రికకు కొత్తగా వార్తలు రాస్తున్నాను. మా వంశంలో అంతదాకా చదివిన ఆడపిల్ల అదే. చిన్ననాటినుంచీ ఇంట్లో రేడియోను విప్పని రోజు లేదు, బావి దగ్గర మోటారు ఆగితే మెకానిక్కు వచ్చేలోగా మూత తీసి చూసేది. భౌతికశాస్త్రం తప్ప మరొకటి చదవనంది. దరఖాస్తులు పంపిన నాటినుంచి పోస్టుమ్యాను కోసం కాచుకోవడం మొదలైంది. మా అత్త, అంటే నాయన అక్కగారు, పోస్టుమ్యాను సైకిలు కనబడితే చాలు పిలిచి మజ్జిగ ఇచ్చేది. రుచి మరిగిన ఆయన ఉత్తరం ఉన్నా లేకున్నా ఆ వేళకు వచ్చి బెల్లు కొట్టేవాడు. బెల్లు విన్నప్పుడల్లా చెల్లెలు పరుగెత్తి రావడం, ఆయన మజ్జిగ తాగి మూతి తుడుచుకుంటూ "ఇన్నిక్కి ఇల్లమ్మా", ఈ రోజు లేదమ్మా, అనడం. అట్లా నెల గడిచింది.

ఆ ఎదురుచూపుల మధ్యనే కాలేజీలు చూసే ముచ్చట ఒకటి. దొడ్డి చూడకుండా దూడను పంపుతామా అని నాయన అన్నాడు. నాయనా చెల్లెలూ పోతే చాలునని నేనంటే ఎవరూ వినలేదు. అమ్మ చిత్రాన్నం కట్టింది, అత్త చెంబు తీసుకుంది, కాగితాలు రాయడం తెలిసినవాడినని నన్నూ లాక్కుపోయారు. మొదటి కాలేజీలో అత్త కొళాయి నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "ఉప్పునీళ్లు. మూడేండ్లు తాగితే పిల్ల నెత్తిన ఒక వెంట్రుక మిగలదు" అంది, అంతటితో ఆ కాలేజీ అయిపోయింది. రెండోదానిలో వాచ్‌మ్యాను కునుకు తీస్తున్నాడని నాయన గేటు దగ్గరే వెనక్కు తిరిగాడు. అక్కడ పాఠాలు ఎవరు చెబుతారు, ప్రయోగశాల ఎట్లా ఉంటుంది అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. చెల్లెలు అడగబోతే, "నువ్వు ఊరికే ఉండమ్మా, మేము చూస్తాండాము గదా" అన్నారు.

చివరకు సేలంలోని ఆడపిల్లల కాలేజీ నుంచి రమ్మని కార్డు వచ్చింది. మళ్లీ అందరమూ బస్సెక్కాము. నీళ్లు తీపి. వాచ్‌మ్యాను మెలకువగా ఉన్నాడు. అత్త హాస్టలు వంటింట్లోకి పోయి సాంబారు రుచి చూసి తలాడించింది. నాయన మొహంలో భావాలన్నీ మాయమయ్యాయి.

ప్రిన్సిపాలు నడివయసు దాటిన ఆవిడ. చెల్లెలిని కూర్చోబెట్టి ఏవేవో అడిగింది. చెల్లెలు మోటారు సంగతి చెబుతుంటే ఆవిడ కళ్లద్దాలు తీసి వింది. తర్వాత నాయనవైపు తిరిగి, భౌతికశాస్త్రంలో చోటుంది, ఈ రోజే చేర్పించి పొండి, ఇట్లాంటి పిల్లలు మాకు కావాలి అని తమిళంలో చెప్పింది. చెల్లెలు సగం లేచి నిలబడింది.

నాయన తువాలు దులిపాడు. "ఇంట్లో అడిగి చెప్తాము" అన్నాడు.

ఆవిడ కిటికీలోంచి బయటకు చూసింది. మా ఇల్లంతా అక్కడే బెంచీమీద కూర్చుని చిత్రాన్నం తింటోంది. ఇంకా ఎవరిని అడగాలి అంది. నాయన దండం పెట్టి బయటకు నడిచాడు. వరండాలో చెయ్యి పట్టుకుని ఆపబోయాను. "నీకు తెలీదు పోరా. వాళ్లే పైన పడి ఇస్తాండారంటే ఏందో ఉండాది. రెండు దినాలు పోనీ, వాళ్లే మనిషిని పంపుతారు" అన్నాడు. బస్సులో అత్త సాంబారులో చింతపండు కాస్త ఎక్కువైందని దారిపొడుగునా చెప్పింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం నాయన రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు, దళారి వస్తాడని. కాలేజీకి దళారి ఉండడని నేను చెప్పాను, అమ్మ చెప్పింది, ఊరి బడి పంతులు చెప్పాడు. "అన్నిటికీ ఉంటాడు" అన్నాడు నాయన. సేలంలో సీట్లు నిండుతున్నాయని పత్రికలో పడితే చదివి వినిపించాను. "అది కూడా బేరమే" అన్నాడు. పత్రికలో రాసేవాడిని నేను, నమ్మనివాడు నా తండ్రి.

ఒకనాటి పొద్దున చెల్లెలు పాలు పితికి, చెంబు నాయన ముందర పెట్టి నిలబడింది.

"నాయనా, సంతకు తోలుకొని పోయినది ఎవురిని?"

నాయన తలెత్తాడు.

"నన్నే గదా. ఆ యమ్మ కొనేటామె, నువ్వు అమ్మేవాడివి. ఆమె పళ్లు చూసింది, నడిపించి చూసింది, మొదటి దినమే సరే అన్నది. పగ్గం చేతికి ఇయ్యకుండా తోలుకొని వచ్చేసినావు. ఇంక ఏ దళారి వస్తాడు?"

నాయన పాలచెంబు పక్కకు జరిపి, లేచి చొక్కా వేసుకున్నాడు. ఆ రోజు చిత్రాన్నం లేదు, అత్త లేదు, మేము ముగ్గురమే. బస్సు ఆగినచోటల్లా డ్రైవరును తొందరపెట్టాడు.

ప్రిన్సిపాలు మమ్మల్ని చూసి కోప్పడలేదు, అదే బాధగా ఉండింది. భౌతికశాస్త్రం నిండిపోయిందండీ, ఒక్క శాఖలో మాత్రం చోటు మిగిలింది, అని ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతుంటే, జన్మలో ఎవరికీ మొదటి మాటకు సరే అనని మా నాయన, "సరే అమ్మా, సరే" అన్నాడు. ఏ శాఖ అని అడగలేదు. అది భూగోళశాస్త్రమని డబ్బు కట్టే కిటికీ దగ్గర తెలిసింది. నేను చెల్లెలి మొహం చూడలేకపోయాను. అది మాత్రం నాయన చేతిలోంచి సంచి తీసుకుని, "పోదాం రా నాయనా, బస్సు పోతాది" అంది.

చెల్లెలు జీవితమంతా పిల్లలకు నదులూ కొండలూ చెప్పి రిటైరయింది. మంచి టీచరని పేరు. ఇప్పటికీ వాళ్లింట్లో మిక్సీ పాడైతే షాపుకు పోదు, అదే విప్పుతుంది. ఆ సంగతి దానితో నేను ఎన్నడూ ఎత్తలేదు.

నిన్న మధ్యాహ్నం మనవరాలికి సీటు వచ్చింది. మా అబ్బాయి అనుమానించిన ఆ కాలేజీలోనే. ఫోనులో ఆ సీటు కింద మూడు గడులున్నాయి. చేరుతాను అనేది ఒకటి, వద్దు అనేది ఒకటి. నడిమిది చదివి నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివించుకున్నాను. ప్రస్తుతానికి ఒప్పుకుంటాను, ఇంతకంటే మంచిది వస్తే దానికి పోతాను అని దాని అర్థం. ఒప్పుకున్న సీటు ఎక్కడికీ పోదట, చూద్దాం అన్నందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరట. మా అబ్బాయి దానిమీదే వేలు పెట్టాడు.

చెల్లెలికి ఫోను చేసి చెప్పాను. నవ్వింది. "అన్నా, నాయన బేరానికి మిషను పెట్టినారా?" అంది. మళ్లీ తనే, "ఆ కాలేజీలో నీళ్లు ఎట్ల ఉండాయి?" అని అడిగింది.

ఎవరూ తాగి చూడలేదని చెప్పాను. మా రోజుల్లో ఒక్క మాట జారితే మూడేళ్లు కాదు, బతుకే మరో దారిన పోయేది. ఇప్పుడు మాట జారినా పట్టుకునే గడి ఉంది, అది మంచిదే, కాదనను. కాని ఒక పిల్ల మోటారు గురించి చెబుతుంటే కళ్లద్దాలు తీసి వినే మనిషి ఆ మూడు గడుల్లో దేని వెనకా లేదు.