పీరు దట్టీకి నేను వేసిన తాళం

పండుగల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని చాలా ఏళ్లు విర్రవీగాను. ఆదోనిలో నేను పనిచేసే బడిలో ఏటా సెలవుల పట్టిక గోడకు అంటించేది నేనే. రంజాన్‌కు ఉర్దూ టీచరమ్మ షీర్ ఖుర్మా, క్రిస్మస్‌కు డ్రిల్లు మాస్టారు కేకు, ఉగాదికి నా పచ్చడి. పొద్దున్నే అందరికీ ఫోన్లో శుభాకాంక్షలు పంపేదీ నేనే. మొహర్రంకు కూడా పంపేదాన్ని, పూల బొమ్మ పెట్టి మరీ. టీచరమ్మ ఒక దండం బొమ్మతో సరిపెట్టేది. పెద్దగా మాట్లాడే మనిషి కాదులే అనుకునేదాన్ని.

మాది ఎమ్మిగనూరు, మగ్గం నేసే ఇల్లు. మొహర్రంకు మా ఊళ్లో చేసే పీర్ల పండుగ మాకు పరాయిది కాదు. చిన్నప్పుడు కొత్త గౌను వేసుకుని, నిప్పుల గుండం చుట్టూ ఎగిరి, పానకం తాగి తాగి కడుపునొప్పి తెచ్చుకున్నదాన్ని. చావిడిలో నిలబెట్టే పీరుకు చుట్టే గుడ్డను దట్టీ అంటాం. మా నాయన ఏటా ఒక దట్టీ తన చేత్తో నేసి ఇచ్చేవాడు. తన పెళ్లయిన ఏడాది మొదలు ఒక్కసారీ తప్పలేదు.

ఈ ఏడు ఎండలు ముదరకముందే నాయన పోయాడు. దట్టీ మగ్గం మీద సగంలో ఉండిపోయింది. నూలు కండెలు చుట్టడమే తప్ప ఎన్నడూ మగ్గం గుంటలో కాలు పెట్టని మా అమ్మ, దినాలు కాగానే అందులోకి దిగింది. మోకాళ్ల నొప్పులతోనే రోజుకు బెత్తెడు చొప్పున నేసి మిగతా సగం పూర్తి చేసింది. "పీరుకిచ్చి రావల్ల," అంది.

చిన్నాయన అడ్డం పడ్డాడు. "పెద్దదిక్కు పోయిన ఇంట్లో ఏడాది దాకా పండగ యాడిది వదినా? నలుగురూ ఏమనుకుంటారు?"

ఇద్దరూ నా ముఖం చూశారు. చిన్నాయన చెప్పిందే సరి అన్నాను. దట్టీని నేనే మడిచి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. అమ్మ మనసాగక తీసుకుపోతుందేమోనని తాళంచెవి నా బ్యాగులో వేసుకుని ఆదోనికి వచ్చేశాను. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు.

మొహర్రం సెలవుకు ఎమ్మిగనూరు పోయాను. పొద్దున్నే చావిడికి వెళ్లాను. పీర్లను కనిపెట్టుకుని ఉండే ముజావర్ తాత గుమ్మం ముందు చిమ్ముతున్నాడు.

"ఈ ఏడు మా ఇంట్లో పండుగ లేదు తాతా. నాయన పోయినాడు కదా, మైల. దట్టీ ఇయ్యలేము," అన్నాను.

తాత చీపురు పక్కన పెట్టాడు.

"పండగ ఎవరికుంది పాపా ఈడ? యుద్ధంలో నీళ్లసుక్క దొరక్క, సంటిబిడ్డలతో సహా సచ్చిపోయిన ఈ పీర్ల కోసం ఏడ్సే దినాలివి. సావింటికి సావింటోళ్లు రాకపోతే ఇంగెవరొస్తారు?"

తాత మళ్లీ చీపురు అందుకున్నాడు.

"మీ నాయనకు తెల్సు. ఈ దినం నాకంటే ముందే కండ్లు తుడుసుకొంటాండె," అన్నాడు.

నాయన ఏడవడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. తల కొట్టేసినట్టయింది. చావింట్లో గంతులేశానన్నమాట ఇన్నేళ్లూ. చావింటికి పూలు పెట్టి శుభాకాంక్షలు పంపానన్నమాట. ఇంత చదువూ ఎందుకు తగలెయ్యను? ఊళ్లో అందరూ పానకం తాగుతుంటే మా నాయన ఒక మూల కూచుని ఏడ్చేవాడని ఒక ముసలాయన చెబితే గాని తెలియలేదు నాకు.

ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. బ్యాగు మంచం మీద కుమ్మరించి తాళంచెవి వెతుకుతూ, "లేమ్మా, పోదాం. అది పండుగ కాదంట, మైల లేదంట," అన్నాను.

"తెల్సు. పెండ్లయిన కొత్తలోనే మీ నాయన సెప్పినాడు," అంది అమ్మ.

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదమా?"

"సదువుకున్న దానివి, నీకు తెలీకుండా ఉంటాదా అనుకొంటి. తెల్సీ వద్దంటాండావంటే, నేను నేసిన సగం వంకరగా ఉందని సిగ్గుపడినావేమోలే అని ఊరకుండిపోతి."