కంబళి మడతలో పట్టే కంప్యూటరు

ఒడిలో పెట్టుకుని పనిచేసుకునేదని దానికి ల్యాప్‌టాప్ అని పేరు. నా దగ్గరున్నది తొమ్మిదేళ్లలో నా ఒడిలోకి వచ్చింది తక్కువ, నన్ను ఒడిదుడుకుల్లోకి నెట్టింది ఎక్కువ. మూడు కేజీల పైచిలుకు బరువు. దానికి తోడు ఇటుకంత ఛార్జరు. తీగ తగిలించి ఉన్నంతసేపే దానికి ప్రాణం, తీగ ఊడిందా కళ్లు తేలేస్తుంది. మూత కీలు విరిగితే సైకిల్ ట్యూబు ముక్కతో కట్టాను. ఇంతవరకూ సర్దుకుపోయేవే. రిటైరైన తెలుగు అయివారిని, నా మోకాళ్లూ పట్టీ కడితేనే నిలబడుతున్నాయి, ఒకరినొకరం ఏమనుకుంటాం? సర్దుకుపోలేనిది ఒక్కటే, గ మీట. పదిసార్లు నొక్కితే ఒకసారి పడేది. బుద్ధి పుడితే ఒకసారి నొక్కినందుకు పదిసార్లు పడేది. నేను రాస్తున్నదేమో గొర్రెలు తినే గడ్డి గురించి.

మా మెట్టనేలల్లో వాన పడితే మొలిచే గడ్డికీ, ఆకుకూ గొర్రెల కాపరులు పెట్టుకున్న పేర్లున్నాయి. ఏది ఎప్పుడు మొలుస్తుంది, ఏది తింటే పాలు దిగుతాయి, ఏది తింటే కడుపు ఉబ్బుతుంది అన్నది వాళ్లకు తెలుసు. ఇదంతా ఒక చిన్న పుస్తకంగా కూర్చాలని నా ఆశ. ఇవన్నీ తెలిసినవాడు కంబదూరు పక్క పల్లెలో ఒక్క పెద్దాయనే కనబడ్డాడు. డెబ్భై దాటినవాడు. భుజాన నల్ల కంబళి, వెనక వంద గొర్రెలు. మొదటి రోజు ఆయన్ని మా ఇంటికి పిలిచి, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, "ఇంక చెప్పన్నా" అన్నాను. ఆయన నేల చూశాడు. ఫ్యాను చూశాడు. కాఫీ తాగేశాడు.

"ఈడ ఏం మొలిచిండాదని చెప్పాల అయివారూ?" అన్నాడు.

అప్పుడు తెలిసింది ఆయన పద్ధతి. కూర్చోబెడితే ఒక్క పేరూ గుర్తురాదు. గొర్రె వంగి ఒక మొక్కను కొరకాలి, అది ఈయన కంట పడాలి, అప్పుడు పేరూ, దాని పుట్టుపూర్వోత్తరాలూ వరసగా వస్తాయి. కాబట్టి మంద వెంట పోక తప్పలేదు.

కాగితం మీద రాసుకోవచ్చు కదా అంది మా ఆవిడ. ముప్పై నాలుగేళ్లు పిల్లల దస్తూరి దిద్దినవాణ్ణే గానీ నా దస్తూరి దిద్దేవాళ్లు లేకపోయారు. నడుస్తూ రాసుకున్నది ఇంటికొచ్చి చూస్తే, నేను రాసింది తుమ్మి మొక్క పేరో, అప్పుడు తుమ్మిన సంగతో తేలేది కాదు. ఫోనులో కొడదామంటే 'గరిక'ను అది 'గిరాకీ'గా దిద్దిపెట్టేది. మాటలు రికార్డు చేస్తే ఆ బయలు గాలికి ఆయన గొంతు వినబడేది కాదు. గొర్రెల ఉచ్చారణ మాత్రం స్పష్టంగా ఉండేది.

చివరికి నా మూడు కేజీలను మోసుకుపోయి, బోరు మోటారున్న చేను ఒకటి చూసి, స్టార్టరు పెట్టె పక్కన తీగ తగిలించుకుని కూర్చునేవాణ్ణి. మందను ఆ చుట్టుపక్కలే తిప్పమని ఆయన్ని బతిమాలుకునేవాణ్ణి. అలా ఒక ఉదయం బాగా సాగింది. ఒక్క పూటలో పంతొమ్మిది పేర్లు, వాటి కథలతో సహా. నేను ఇరవయ్యోదానికి వేళ్లు విరుచుకుంటుండగా కరెంటు పోయింది. దానితో పాటే నా యంత్రమూ పోయింది. కరెంటు మళ్లీ వచ్చింది గానీ ఇది రాలేదు. బాగుచేసే అతను దాన్ని విప్పి, చూసి, మూసి, లోపల ఏమీ మిగల్లేదు సార్ అన్నాడు.

మర్నాడు చేతులు కట్టుకుని పెద్దాయన ముందు నిలబడ్డాను. "ఆ పంతొమ్మిదీ మళ్లొకసారి చెప్పన్నా."

"యాడ చెప్పేది అయివారూ? గొర్రె తినిపాయ. నీ పుస్తకం దాని కడుపులో ఉండాది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఇంగో మాట. పది దినాల్లో మందను తోలుకోని కణేకల్ కాలువ కిందికి పోతాండా. ఈడ మేత అయిపోయ. ఆడ వరి కోసినారంట. ఈ తూరితో సరి. మోకాళ్లు చెప్పిన మాట ఇనడంలే. తిరిగొచ్చినాక మందను అమ్మేస్తా."

ఏటా జరిగేదే అది. మెట్టన గడ్డి ఎండిపోగానే మందలు కాలువ కింది పొలాలకు పోతాయి. రాత్రి మంద పడుకున్న చేనుకు ఎరువు, కాపరికి గింజలు. ఏటా జరిగేది ఇంక జరగదంటున్నాడు ఆయన. మంద లేకపోతే కొరికే గొర్రె లేదు, కొరికే గొర్రె లేకపోతే ఆయనకు పేరు గుర్తురాదు. నాకు మిగిలింది కాలువదాకా పోయే ఆ నడకే.

"నువ్వూ రాగూడదా? దోవ పొడుగునా చెప్తా. ఆ ఇనప పెట్టె మాత్రం తేవద్దప్పా. దాన్ని మోసేకి ఒక గాడిదను తేవాల. గాడిద మేత సంగతి నాకు తెలీదు."

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. మన్నిక లేనిదాన్ని ఇన్నాళ్లూ మన్నించాను, ఇంక తేలికగా, గట్టిగా ఉండేది ఒకటి కొనాలన్నాను.

"కొనండి. మీ ఒక్కరి తెలివితో మాత్రం కొనకండి. పోయినసారి స్పీకర్లు బాగున్నాయని తెచ్చారు దాన్ని. ఆ పెద్దాయన్ని వెంటబెట్టుకుపోండి. గొర్రెను చూసి కొనేవాడు దీన్ని చూడలేడా?"

ఎగతాళికే అంది. నేను నిజంగానే తీసుకుపోయాను.

అనంతపురంలో ఏసీ ఉన్న పెద్ద అంగడి. బల్లల మీద వరసగా తెరిచిపెట్టిన ల్యాప్‌టాప్‌లు, ఒక్కోదానికీ బల్లకు కట్టిన సన్నని తీగ. పెద్దాయన చెప్పులు తలుపు బయట విడిచి, కంబళి సర్దుకుని లోపలికి వచ్చి, మొదట ఆ తీగలు చూశాడు.

"వీటిని ఎందుకు కట్టేసినారు? పొడుస్తాయా?"

అక్కడ అమ్మే అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి తల పక్కకు తిప్పుకుంది. నా కన్ను అప్పటికే ఒకదాని మీద పడిపోయింది. వెండి రంగు, జొన్నరొట్టెంత పలచన, మూత మీద నా ముఖం నాకంటే బాగా కనబడుతోంది. ఇదేనమ్మా అన్నాను. దాని గ మీటను ఇరవైసార్లు నొక్కి చూశాను. తెర నిండా గగగగ అని పడింది. కొనేముందు ఇంత ఆనందపడిన మనిషిని ఆ అమ్మాయి చూసి ఉండదు.

"ఉండు అయివారూ, మెరిసేదంతా తోలుకోవద్దు" అని పెద్దాయన ముందుకొచ్చాడు. దాని మూత మీద సరిగ్గా నడిమధ్య బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కాడు. మూత లోపలికి వంగి, తెర మీద నీళ్లలో రాయి పడ్డట్టు మరక కదిలింది. "నడుము లేదు దీనికి. మందలో ఒక దినం నిలవదు."

పక్కన ఇంకొకటుంది. రాగిసంగటి రంగు. దాన్ని చేసినవాళ్లు కూడా రెండోసారి చూడరనిపించింది. ఆయన దాని నడుమూ నొక్కాడు. కదల్లేదు. ఒంటిచేత్తో మూత తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. గొర్రె నోరు తెరిచి పళ్లు చూసినట్టే మీటల వరసమీద వేలు నడిపించాడు. తర్వాత అమ్మాయి వైపు తిరిగాడు.

"పొద్దున మేపితే మాపటిదాకా ఉంటాదామ్మా ఇది?"

అంతవరకూ నాతో పుస్తకాల తెలుగులో, నడుమ ఇంగ్లీషుతో మాట్లాడుతున్న అమ్మాయి గొంతు మారిపోయింది. "ఉంటాది తాతా. ఒగసారి మేపితే మాపటిదాకా నెమరేసుకుంటా ఉంటాది. మాదీ వజ్రకరూరు పక్కనే, మా నాయనకూ మంద ఉండాది."

"అట్లనా! మరి తీగ ఇప్పు తల్లీ. కట్టేసినదాన్ని నేను బేరం చేయను."

ఆమె విప్పింది. అది ఆమె తప్పు. ఆయన దాన్ని మూసి, కంబళి మడతలో పెట్టి, చంకన ఇరికించుకుని, నేరుగా తలుపు తోసుకుని వీధిలోకి నడిచాడు. తలుపు దగ్గర ఏదో కీచుమని అరవసాగింది. కాపలా మనిషి పరిగెత్తాడు. అతని వెనక అమ్మాయి, అమ్మాయి వెనక నా మోకాళ్లూ నేనూ. పెద్దాయన తల కూడా తిప్పలేదు. జీవితమంతా వెనక ఎన్నో కాళ్ల చప్పుడు వింటూ నడిచినవాడు, ముగ్గురికి ఏం బెదురుతాడు? వీధి చివర టీ కొట్టుదాకా ఆయన, ఆయన వెనక మందలాగా మేము. అక్కడ ఆగి, చంక మార్చుకుని, వెనక్కి తిరిగాడు.

"ఏం పెద్దాయనా, ఎత్తుకపోతాండావా?" కాపలా మనిషి రొప్పుతూ అడిగాడు.

"నడిచి చూడకుండా సంతలో ఎవురన్నా తోలుకుంటారప్పా? అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను మేము దినమంతా ఇట్లే చంకన పెట్టుకోని పోతాం. మధ్యాన్నానికి చెయ్యి గుంజితే అది బరువు. ఇది పిల్లకన్నా తేలిక." నా వైపు తిరిగి, "తోలుకో అయివారూ" అన్నాడు.

లోపలికి వచ్చి దుడ్లు కట్టాను. అమ్మాయి గోదాములోంచి అట్టపెట్టె తెచ్చి, సీలు కూడా విప్పని కొత్తది సార్ అని నా చేతిలో పెట్టబోయింది. పెద్దాయన అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ఇది యాడిది? మేము చూసింది ఇది కాదే. చూసింది ఒగటి, తోలిచ్చేది ఇంగొకటా?"

"అన్నీ ఒగటే తాతా."

"మీ నాయన అంటాడా ఆ మాట? ఒగే తల్లి పిల్లలు ఒగటిగా ఉండవు."

నాకు కొత్తదే కావాలి, ఆయనకు చూసిందే కావాలి. చివరికి సీలు విప్పించి, కొత్తదాని నడుము నొక్కి, మూత తెరిచి, పళ్లు చూసి, కంబళి మడతలో పెట్టి మళ్లీ వీధిలోకి బయలుదేరాడు. ఈసారి కాపలా మనిషే తలుపు తీసి పట్టుకున్నాడు. టీ కొట్టతను, "ఇదీ బాగుండాదా తాతా?" అని అరిచాడు. తిరిగొచ్చాక అంగట్లో దేవుడి పటం ముందున్న గిన్నెలోంచి కాస్త కుంకుమ తీసి, దాని మూత మూల మీద వేలితో ఒక్క బొట్టు పెట్టాడు. కొన్న గొర్రెకు అలాగే గుర్తు పెడతారట, మందలో కలిసిపోకుండా. అమ్మాయి వారంటీ కాగితం మీద సంతకం చేయించుకుంటూ, ఈ బొట్టుకు ఇది వర్తించదు సార్ అంది.

పదో రోజున బయలుదేరాం. వీపున సంచీ, సంచీలో రాగిసంగటి రంగు యంత్రం. పాత మూడు కేజీలు లేవన్న సంగతి నా వీపుకు అడుగడుగునా తెలుస్తూనే ఉంది. మంద ఆగినచోటల్లా గట్టు మీద కూర్చుని టైపు కొట్టేవాణ్ణి. మంద లేపిన దుమ్ము మీద పడితే ఒంటిచేత్తో మూత మూసేవాణ్ణి. ఒకసారి పొట్టేలు సంచీని కుమ్మింది. నేను పడ్డాను, దెబ్బ తగిలింది నాకే. పొట్టేలుకూ, సంచీలోదానికీ ఏమీ కాలేదు. సాయంత్రం ఎవరి చేలో మంద పెడితే వాళ్లింట్లో తీగ తగిలించేవాణ్ణి. "మేపినావా?" అని పెద్దాయన తన సంగటి ముద్ద ముట్టకముందే అడిగేవాడు.

పోయిన పేర్లు ఒక్కోటే తిరిగి వచ్చాయి. పల్లేరు, వెంపలి, నక్కతోక గడ్డి, బోద. గొర్రె కొరికేది, ఆయన పలికేవాడు, నేను నొక్కేవాణ్ణి. మూడోరోజుకు పద్దెనిమిది లెక్కకు వచ్చాయి. పంతొమ్మిదోది రాలేదు. దాన్ని ఏ గొర్రె తిన్నదో, ఆయన ఏం చెప్పాడో నాకూ గుర్తులేదు, అడిగితే "కనబడితే చెప్తా" అనేవాడు. రేపు కాలువ వచ్చేస్తుంది. కాలువ వస్తే మెట్ట అయిపోతుంది.

బెళుగుప్ప దాటాక ఒక గొర్రె దోవలోనే ఈనింది. పెద్దాయన పిల్లను తుడిచి, తన కంబళిలో అప్పటికే ఇంకో పిల్ల ఉండడంతో నా సంచీ వైపు చూశాడు.

"నీది తీసి చేత్తో పట్టుకో అయివారూ."

తీశాను. సంచీలో తడి పిల్ల, చంకలో కుంకుమబొట్టు కంప్యూటరు. కాసేపు నడిచాక తెలిసింది, ఆయన అంగట్లో చెప్పిన మాట నిజమే. రెండింటిలో పిల్లే బరువు. అది నా చెవి వెనక ఒక్కసారి అరిచింది. దాని తల్లి పరిగెత్తుకొచ్చి నా పక్కన నడవసాగింది. నడుస్తూ నడుస్తూ, మిగతా గొర్రెలు తొక్కుకుంటూ పోయిన ఒక చిన్న ఆకుమొక్క దగ్గర ఆగి, మూతి పెట్టి వెతికి, దాన్ని మాత్రమే కొరికింది.

"ఆఁ, అదే!" అన్నాడు పెద్దాయన. "ఈనిన గొర్రె మొదట ఎతుక్కునేది అదే. ఆ పొద్దు చెప్పింటి కదా నీకు!"

దోవ మధ్యలోనే కూర్చుండిపోయి పంతొమ్మిదో పేరు కొట్టాను. పిల్ల సంచీలోంచి తల బయటపెట్టి నా భుజం మీదుగా తెర చూసింది. ఆ మొక్క పేరు ఇక్కడ రాయను, పుస్తకం కొనేవాళ్లకు ఏదో ఒకటి మిగలాలి.

మర్నాడు మధ్యాహ్నానికి కాలువ గట్టు ఎక్కాం. అవతల, కోసిన వరి మళ్ల మధ్య కళ్లు చెదిరేంత పచ్చన. వంద గొర్రెలూ ఒక్కసారిగా గట్టు దిగి, నేనెన్నడూ చూడని మెత్తటి గడ్డిలో మూతులు ముంచాయి. నేను మూత తెరిచి, వేళ్లు మీటల మీద పెట్టి ఆయన వైపు చూశాను.

"ఇదేం గడ్డన్నా?"

ఆయన ఒక పరక తెంపి, నలిపి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"తెలీదు అయివారూ. ఇది నీళ్లకు మొలిచే గడ్డి. నాది వానకు మొలిచేదాని వరకే. దీని పేరు ఈడోళ్లను అడుగు." అని కంబళి పరిచి, దాని మీద కాళ్లు చాపుకుని, "ఇంగా మేత ఉండాదా దాంట్లో?" అన్నాడు.

ఉందన్నాను. ఆ గడ్డి గురించి ఆయన చెప్పిన మాటను చెప్పినట్టే కొట్టి, పుస్తకానికి అదే ముగింపుగా ఉంచాను. దానిలో గడ్డి అన్న మాట ఒకటుంది. గ ఒక్క నొక్కుకే పడింది.